అటుది ఇటైన యోసేపు

నేను నోరు జారిన సందర్భాలన్నీ రాసుకుంటూ పోతే ఆ కాగితం సూరత్ నుంచి జగిత్యాల దాకా పరుచుకుంటుంది. వాటిలో చాలామటుకు ఉతికితే పోయే మరకలే. ఒక్కటి మాత్రం ఏడేళ్లయినా పోలేదు. నిండు సభలో, చేతిలో వెదురు పుల్ల పట్టుకుని, గొంతు గంభీరంగా పెట్టి, "ఈ తల్లి ముఖంలోని కరుణను గమనించండి" అంటూ ఒక గాడిదను చూపించిన మహానుభావుణ్ని నేను. అప్పుడే నవ్వకండి. ఆ సాయంత్రం నేను చేసిన తప్పుల్లో అది చిన్నది. పెద్దది తర్వాత వస్తుంది. దానికి నవ్వాలో వద్దో అప్పుడు మీరే తేల్చుకోండి.

ముందు నా గొప్పతనం గురించి కొంచెం చెప్పాలి. మా నాన్న జగిత్యాల పక్క పల్లె నుంచి సూరత్ వచ్చి సాంచాల మీద పని చేశాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అప్పుడు నాకు మూడేళ్లు. బమ్రోలిలో రెండు గదుల ఇంట్లో, గోడ అవతల ఆ మగ్గాల చప్పుడు వింటూ పెరిగాను. బొమ్మలు బాగా వేస్తున్నానని అందరూ అంటే బరోడా వెళ్లి చిత్రకళ కోర్సులో చేరాను. రెండేళ్లకే తిరిగొచ్చేశాను. ఎందుకొచ్చావని అడిగిన ప్రతి ఒక్కరికీ ఒక్కో కారణం చెప్పాను. అసలు కారణం పరీక్షలు.

ఆ తర్వాత పాండేసరాలో చీరల మీద అచ్చు వేసే యూనిట్‌లో ఉద్యోగం దొరికింది. పేరుకు ఆర్టిస్టుని. పని మాత్రం కంప్యూటర్‌లో మామిడి పిందెల్ని పెంచడం, తగ్గించడం, ఆకుపచ్చని ఇంకాస్త ఆకుపచ్చ చేయడం. అయినా మా వాడకట్టులో నాకున్న పేరు అంతా ఇంతా కాదు. ఆ పేరును నలుగురికీ చాటినవాడు పోశం మామ.

పోశం మామ మా నాన్నకు వరసకు బావమరిది. ముప్పై ఏళ్లుగా సూరత్‌లోనే సాంచాలు నడుపుతున్నాడు. భార్యా ఇద్దరు కూతుళ్లూ ఊళ్లోనే ఉండేవారు. ఆయన ఇక్కడ ఆరుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. నా చదువు సంగతి ఆయనకు అంతగా పట్టలేదు. బరోడా రైలెక్కినవాడు పండితుడై దిగుతాడని ఆయన గట్టి నమ్మకం.

ఆయనకు ఎప్పటినుంచో మెడనొప్పి. ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి వెళ్తే అక్కడి డాక్టరమ్మ తెలుగుదని తేలింది. అంతే, ఆ రోజు నుంచి మామ మెడ తగ్గినా వెళ్లాడు, తగ్గకపోయినా వెళ్లాడు. ఒక సాయంత్రం ఆమెను వెంటబెట్టుకుని మా యూనిట్‌కే వచ్చేశాడు.

"గీడే మా అల్లుడు. మస్తు పెద్ద ఆర్టిస్టు. బరోడాల సదివిండు," అన్నాడు.

"నమస్కారమండీ," అంది ఆమె.

పాఠకులారా, మీరు ఆంధ్రలో పుట్టి ఉంటే ఆ "అండీ" మీకు గాలి లాంటిది, పట్టించుకోరు. నేను పెరిగిన చోట నన్ను అందరూ "అరేయ్", "ఏయ్ మద్రాసీ", "అల్లుడా", "ఓ భాయ్" అని పిలిచేవారు. ఇరవై నాలుగేళ్ల వయసులో మొదటిసారి నన్ను ఒకరు "అండీ" అన్నారు. వేడి రోలరు కింద పడ్డ కాగితంలా నాలోని రంగంతా ఒక్కసారి ఆవిరైపోయింది.

ఆమె పేరు ఎస్తేరు. ఊరు రేపల్లె వైపు. ఆసుపత్రిలో ఏడాది కాంట్రాక్టు మీద వచ్చింది. ఆ ఏడు క్రిస్మస్‌కు బమ్రోలి చుట్టుపక్కల తెలుగువాళ్లందరినీ మతంతో పని లేకుండా ఒక చోట చేర్చాలని ఆమె, కొన్ని కుటుంబాలవాళ్లు అనుకున్నారట. వేదిక వెనక గోడకు వేలాడదీయడానికి ఒక పెద్ద పటం బట్ట మీద అచ్చు వేయించాలట.

ఫోన్‌లో బొమ్మ చూపించింది. "చిన్నప్పుడు మా ఇంట్లో ఈ బొమ్మ ఉన్న కేలండరు ఉండేదండీ. తేదీలన్నీ అయిపోయినా నాన్న దాన్ని తీయనిచ్చేవారు కాదు. ఈ పటం గురించి మీకు తెలుసా?"

"తెలియకేం!" అన్నాను. నిజం చెప్పాలంటే నేను ఆ రోజు బొమ్మను చూడనే లేదు. ఫోను పట్టుకున్న చేతిని చూశాను.

"ఎవలు గీసిన్రురా?" అన్నాడు మామ.

"బరోక్," అన్నాను. ఆ ఒక్క ముక్కా బరోడా నుంచి వెంట వచ్చింది.

"బరోక్ అంటే మనిషా?"

"కాదు మామా, కాలం. నాలుగు వందల ఏండ్ల కిందటి కాలం."

"కాలం బొమ్మలెట్ల గీస్తదిరా?"

ఎస్తేరు నవ్వింది. నేను ఆ నవ్వును నా పాండిత్యానికి జమ వేసుకున్నాను.

ఆ చిత్రకారుడి పేరు తర్వాత ఇంటర్నెట్‌లో దొరికింది గాని ఇక్కడ రాయను. ఆయనకు నేను చేసిన అన్యాయం ఇప్పటికే చాలు. బొమ్మ మాత్రం చెబుతాను. యేసు పుట్టిన కొద్ది రోజులకే, ఆ బిడ్డను చంపమని హేరోదు రాజు మనుషుల్ని పంపాడు. యోసేపు, మరియ బిడ్డను తీసుకుని ఐగుప్తు దేశానికి పారిపోతున్నారు. దారిలో కాసేపు ఆగారు. చుట్టూ దట్టమైన చీకటి. ఒక పక్క బట్టల మూట మీద కూర్చున్న మరియ, ఒళ్లో బిడ్డ. ఇంకో పక్క గాడిద. మధ్యలో కొంచెం వెనకగా యోసేపు, చేతిలో ఊతకర్ర. మరియ బిడ్డను చూస్తోంది. యోసేపు తల తిప్పి ఎటో చూస్తున్నాడు. పైనుంచి ఒక్క వెలుగు ఏటవాలుగా వచ్చి బిడ్డ మీద పడుతోంది. మిగతా అంతా బట్టల మడతలు, ఒక చీరల షాపుకు సరిపడేన్ని.

మర్నాడు మా మిషను నడిపే భరత్‌భాయ్ చేత నమూనాగా చిన్న కాగితం ఒకటి అచ్చు వేయించి నా టేబుల్ ముందు గోడకు అంటించుకున్నాను. ఇక మొదలైంది నా తపస్సు. వెలుగు గురించి చదివాను, నీడ గురించి చదివాను, ఏటవాలు గీతల గురించి చదివాను. చదివిన ప్రతి ముక్కా ఆ కాగితానికి అతికించాను.

ఎస్తేరు డ్యూటీ అయ్యాక, అచ్చు ఎంతవరకు వచ్చిందో చూసే నెపంతో, దారిలో ఖమణ్ అనే సెనగపిండి ఫలహారం పొట్లం కట్టించుకుని వచ్చేది. మూడు వారాల్లో ఆరుసార్లు వచ్చింది. లెక్క ఎందుకు గుర్తుందని అడగకండి. స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. నేను మాట్లాడేవాణ్ని. ఎంతగా అంటే, యంత్రాల చప్పుడు నాకు చప్పట్లలా వినిపించేది.

"చూడుండ్రి, యోసేపు కుడి పక్కకు చూస్తుండు. మనం ఎడమ నుంచి కుడికి చదువుతం కదా? అంటే కుడి పక్క ఉన్నది రేపు. యోసేపు రేపటి దిక్కు చూస్తుండు అన్నట్టు."

"ఓహో," అనేది ఆమె.

"ఇగ ఈ గీత. కింద ఎడమ మూలకెల్లి పైన కుడి మూలకు ఎక్కుతది. ఎక్కుతున్న గీత అంటే ఆశ. బరోక్ వాళ్లకు ఇది మస్తు ముఖ్యం అండీ."

నా "అండీ" ఎప్పుడూ వాక్యంలో తప్పు చోట పడేది. ఆమె పెదాలు బిగబట్టి నవ్వాపుకునేది.

"మరి ఈ ఎర్ర చుక్క ఏమిటండీ?" అని ఒకరోజు ఆమే అడిగింది. మరియ పాదం దగ్గర కాగితం మీద కందిగింజంత ఎర్రటి చుక్క ఉంది.

నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రక్తం. బిడ్డ పెద్దయినంక సిలువ మీద కారే రక్తం. చిత్రకారుడు ముందుగాల్నే సూచించిండు."

ఆమె ఆ చుక్కను చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆ చూపుకు అర్థమేమిటో వెతకాలని నాకు తట్టలేదు. అది గోడ మీద లేదు కదా.

ఒకరోజు మాటల మధ్యలో అంది. "పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా 'క్యాం దుఖే ఛే?' అని అడగడమే నా పనండీ. ఎక్కడ నొప్పి, ఎక్కడ నొప్పి. హాస్టల్లో గుజరాతీ, వార్డులో హిందీ. ఇంటికి ఫోన్ చేస్తే ఐదు నిమిషాలు. మిగతా రోజంతా తెలుగు నోట్లోనే ఉండిపోతుంది."

ఇంత మాట విన్న మనిషి ఏం చేయాలి? కనీసం, "మరి మీకు ఎక్కడ నొప్పి?" అని అడగాలి. నేనేం చేశానో తెలుసా? "బరోక్ బొమ్మల్ల మౌనం కూడా ఒక గుర్తే" అన్నాను.

అలా ఉబ్బి ఉబ్బి ఒకనాడు నేనే అన్నాను. "పండగ రోజు ఈ బొమ్మ గురించి అందరికీ నేను చెప్తా."

ఆమె కంగారుపడింది. "చెప్పండి. కానీ ఒకసారి బట్ట మీద అచ్చయ్యాక చూసుకుని, అప్పుడు సిద్ధం కండి."

"ఎందుకు? కండ్లు మూసుకుని చెప్తా. ఇంచు ఇంచు తెలుసు నాకు."

"అయినా ఒక్కసారి చూసుకోండి," అని మళ్లీ అంది. రెండుసార్లు చెప్పింది. ఈ విషయంలో ఆమె తప్పు ఇసుమంత కూడా లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

నేను చూసుకోలేదు. పండగ నాడు మధ్యాహ్నం బట్ట తయారైంది. భరత్‌భాయ్ చుట్టచుట్టి ఇచ్చాడు. బమ్రోలిలో ‘వాడి’ అని ఇక్కడ పిలిచే ఫంక్షన్ హాలుకు నేనే భుజాన వేసుకుని తీసుకెళ్లాను. కట్టేవాళ్లు నిచ్చెనలు ఎక్కి కట్టారు, ముందు ఒక తెర దించారు. నేను ఇస్త్రీ చొక్కా ముడత పడకుండా ఒక మూల నిలబడి నా ఉపన్యాసం మననం చేసుకుంటున్నాను.

హాలు నిండింది. సాంచాల మీద పనిచేసేవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, ఊరి శివారు సచిన్ వైపు నుంచి బస్సుల్లో వచ్చినవాళ్లు. బిర్యానీ వాసన ముందే వచ్చేసింది కాబట్టి జనం మంచి ఓపికతో ఉన్నారు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. తెర తీశారు. అందరూ "ఆ..." అన్నారు. నేను వెనక్కి తిరగలేదు. గొప్ప వక్తలు వెనక్కి తిరగరు. నా చూపంతా రెండో వరుసలో కూర్చున్న ఎస్తేరు మీద ఉంది. ఆమె నా వైపు చూసి, తల కొద్దిగా పక్కకు ఊపి, ఏదో సైగ చేసింది. ఎంత అభిమానమో అనుకుని నేనూ తల ఊపాను.

"అన్నలారా, అక్కలారా," అని మొదలుపెట్టాను. జనం వైపు చూస్తూనే పుల్లను వెనక్కి చాపాను. కాగితం మీద మరియ ఉన్న చోటు నాకు నిద్రలో కూడా తెలుసు. "ముందుగా ఈ తల్లిని చూడుండ్రి. ఈ ముఖంలోని కరుణను గమనించండి. ఈ పెద్ద పెద్ద కండ్లు. భారం మోసి మోసి వంగిన ఈ మెడ."

ముందు వరుసలో ఒక పెద్దమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. కరిగిపోతోందనుకున్నాను.

"లోకంలో ఏ తల్లికైనా ఇంత ఓర్పు ఉంటదా?"

హాలంతా ఒక్కసారి కుక్కర్ మూత లేచినట్టు లేచింది. నవ్వు. మగవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడుతున్నారు. పోశం మామ ఒక్కడే నవ్వలేదు. లేచి నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, రహస్యం చెబుతున్నట్టు హాలంతా వినబడేలా అన్నాడు.

"అల్లుడా, అది గాడిద."

తిరిగి చూశాను. నా పుల్ల కొన సరిగ్గా గాడిద ముక్కు మీద ఉంది. మరియ అటు చివరకు వెళ్లిపోయింది. యోసేపు కుడికి కాదు, ఎడమకు చూస్తున్నాడు. ఒక్క క్షణం నాకు నిజంగానే అనిపించింది, నా బాధ చూడలేక వాళ్లంతా లేచి చోట్లు మారారేమోనని.

ఆగిపోయుంటే బాగుండేది. ఆగలేదు. "ఏదేమైనా," అన్నాను, "తల్లి పాదం కాడ ఆ రక్తపు చుక్క చూడుండ్రి!"

జనం మెడలు చాచారు. పెద్దమ్మ లేచి దగ్గరకొచ్చి చూసింది. "ఏది బిడ్డా? నాకైతే కనిపిస్తలేదు. నీకు కనిపిస్తున్నదా?" అని పక్కావిడను అడిగింది. ఆవిడా వెతికింది. చుక్క లేదు.

అప్పుడు బిర్యానీ కోసం వచ్చి చివరి వరుసలో కూర్చున్న మా భరత్‌భాయ్‌కి, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా, జరుగుతున్నదేమిటో అర్థమైంది. "అరే భాయ్, తూ కాగజ్ దేఖ్‌కే బోల్ రహా హై! కపడే పే సబ్ ఉల్టా ఆతా హై నా! ఔర్ వో ఖూన్ నహీ థా, మెజెంటా టపక్ గయా థా!"

మా యూనిట్‌లో చాయ్ పోసే మనిషికి కూడా తెలిసిన సంగతి అది. కాగితం మీద బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు వేస్తారు. బట్ట మీద నొక్కినప్పుడు మళ్లీ తిరగబడి సరిగ్గా వస్తుంది. రోజూ నా కళ్ల ముందే జరిగేది. కానీ పువ్వు ఎటు తిరిగినా పువ్వే కదా, ఎవరు పట్టించుకుంటారు? మూడు వారాలు నేను తప్పు దిక్కుకు తిరిగిన బొమ్మను పూజించి, అందులోని ప్రతి దిక్కుకూ ఒక అర్థం చెప్పాను. లోకరక్షకుడి రక్తమని నేను చెప్పింది మా మిషను కార్చిన రంగు చుక్క.

చేతిలోంచి పుల్ల జారింది. అప్పుడు పోశం మామ నెమ్మదిగా నడిచొచ్చాడు. "అల్లుడా, నువ్ జర కూసో," అని నన్ను పక్క కుర్చీలో కూర్చోబెట్టి, తాను బొమ్మ ముందు నిలబడ్డాడు. నన్ను కాపాడడానికి వచ్చాడనుకున్నాను. కాదు. నా గొడవ ఆయనకు గుర్తే లేదు. బొమ్మనే చూస్తున్నాడు.

"డాక్టరమ్మా, ఈన ఎవలు?"

"యోసేపు, మామా. బిడ్డకు తండ్రి," అంది ఎస్తేరు తన చోటు నుంచే.

"ఏం పని జేస్తడు?"

"వడ్రంగి."

"చేతిపనోడే. మరి ఏడికి వోతున్నరు?"

"ఐగుప్తుకి. ఊళ్లో బతకనివ్వరని తెలిసి ఉన్నపళంగా బయల్దేరారు. ఆ దేశం ఎలా ఉంటుందో, అక్కడి మాట ఎలా ఉంటుందో కూడా తెలీదు."

మామ ఇంకా దగ్గరకు వెళ్లాడు. "గాడిద ముఖం ఎటున్నది? పొయ్యే దిక్కు. ఈన ముఖం ఎటున్నది? ఒచ్చిన దిక్కు. బొమ్మను అటు దిప్పినా, ఇటు దిప్పినా గది మారదు. పొయ్యేటోడు ఎనుకకు జూస్తున్నడు."

హాల్లో నవ్వు ఆగిపోయింది.

"నేనొచ్చిననాడు గంతే," అన్నాడు మామ, మాతో కాదు, యోసేపుతో చెబుతున్నట్టు. "రైల్ల సీటు దొరికింది. కూసోలే. తలుపు కాడ నిలబడి ఎనుకకే సూసిన. ఏం కనబడ్తది? పట్టాలు. అయినా సూసిన. మెడ గప్పుడే పట్టుకున్నది. ముప్పై ఏండ్లాయె. డాక్టరమ్మ కరెంటు పెడితే ఎట్ల పోతది?"

ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

"మరి ఆ తల్లి ఎనుకకు సూస్తలేదు గదా అన్నా?" అంది పెద్దమ్మ.

"ఆమెకెందుకు? బిడ్డ యాడుంటే గదే ఆమె ఊరు. ఈనకు గట్ల లేదు. ఈన చేతిల ఏమున్నది? కట్టె ఒక్కటే."

నేను కుర్చీలోంచి మొదటిసారి ఆ బొమ్మను చూశాను. పైకి ఎక్కుతోందని నేను చెప్పిన గీత నిజానికి కిందికి దిగుతోంది. పై మూల నుంచి, యోసేపు తల మీదుగా, మరియ భుజం మీదుగా, బిడ్డ దాకా. నడిచి నడిచి అలిసిపోయిన మనిషి గోడకు ఆనుకుని జారి కూర్చున్నట్టు. మామ చెప్పింది పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. హాల్లో మగవాళ్లు తమ చెప్పుల వైపు చూసుకుంటున్నారు. ఊరు వదిలినప్పుడు నేను మూడేళ్లవాణ్ని, వెనక్కి చూడడానికి నాకేమీ గుర్తు లేదు. అందుకే కాబోలు, బొమ్మలో అందరూ రేపటి వైపే చూస్తున్నట్టు కనిపించారు.

ఎస్తేరు కళ్లు తుడుచుకుంటోంది. "మా నాన్న కూడా యోసేపునే చూసేవారు మామా," అంది.

భోజనాలప్పుడు నేను హాలు బయట నీళ్ల డ్రమ్ము వెనక దాక్కున్నాను. ఆమె వెతుక్కుంటూ వచ్చింది, చేతిలో రెండు బిర్యానీ ప్లేట్లు. ఒకటి నాకిచ్చింది.

"మీకు ముందే తెలుసా?" అన్నాను. "ఉల్టా ఉందని."

"మొదటి రోజే తెలుసండీ. పన్నెండేళ్లు చూసిన కేలండరు కదా."

"మరి చెప్పలేదెందుకు?"

"బట్ట మీద చూసుకోమన్నాను. రెండుసార్లు."

"అది కాదు. మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

ఆమె ప్లేటులో ముక్కను కాసేపు అటూ ఇటూ జరిపింది. "చెబితే మీరు ఆపేసేవారు. ఈ ఊళ్లో నాతో గంటలకొద్దీ తెలుగు మాట్లాడింది మీరొక్కరే. తప్పో ఒప్పో, వింటుంటే బాగుండేది."

అవమానం చెవుల దాకా ఉన్నప్పుడు తీపి మాట లోపలికి వెళ్లదు. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"నా కాంట్రాక్టు అయిపోయిందండీ. వచ్చే ఆదివారం ఊరెళ్లిపోతున్నాను. సాయంత్రం నాలుగింటికి బండి." కొంచెం ఆగి మళ్లీ అంది. "సామాను చాలా ఉంది. ఒక్కదాన్నే ఎలా తీసుకెళ్లాలో తెలీట్లేదు."

పాఠకులారా, పెద్ద తప్పు వస్తుందని మొదట్లోనే చెప్పాను కదా. ఇదిగో వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో గీసిన మనుషుల చూపులకు అర్థాలు చెప్పిన నేను, అడుగు దూరంలో నిలబడి నన్నే చూస్తున్న మనిషితో ఏమన్నానో వినండి.

"ఏం పరేషాన్ కాకుండ్రి. నాకు తెలిసిన ఆటో ఆయన ఉన్నడు, ఇక్బాల్‌భాయ్. మస్తు మంచోడు. నంబరు ఇయ్యాల్నా?"

ఆమె నన్ను అలాగే చూసింది. తర్వాత ఫోన్ తీసి, "ఇవ్వండి," అంది. ఒక్కో అంకె చెప్పాను. ఒక్కో అంకె రాసుకుంది. ఎంత బాగా సాయం చేశానో అనుకున్నాను. అంత అవమానం జరిగాక కూడా ఒకరికి పనికొచ్చానన్న తృప్తి.

ఆదివారం నేను యూనిట్‌లోనే ఉన్నాను. నాలుగింటికి గడియారం చూశాను. సోమవారం ఇక్బాల్‌భాయ్‌కి ఫోన్ చేసి హిందీలో అడిగాను, మేడమ్‌ను దించావా అని. దించాను అన్నాడు. మూడు పెట్టెలు, రెండు మూటలు. దారిలో ఆమె ఒకటే అడిగిందట, నంబరిచ్చిన ఆయన ఇంకేమైనా చెప్పారా అని.

"నువ్వేమన్నావ్?"

"చెప్పారు మేడమ్, సామాను జాగ్రత్త అన్నారు, అన్నాను."

ఆ సాయంత్రం సంగతంతా పోశం మామకు చెప్పాను. ఆయన మెడ తిప్పలేక ఒళ్లంతా నా వైపు తిప్పాడు.

"నంబరిచ్చినవారా?"

"ఇచ్చిన."

"ఆటోది?"

"ఆ."

అరచేత్తో మెడ రుద్దుకున్నాడు. చివరికి, "బరోడాల గదొక్కటి నేర్పలేదారా మీకు?" అన్నాడు.

నెల రోజులు ఆమెకు పంపడానికి ఫోన్‌లో ఎన్నో రాశాను. అన్నీ చెరిపేశాను. చివరికి ధైర్యమంతా కూడగట్టుకుని పంపిన మాట ఇది. "సామాను క్షేమంగా చేరిందా అండీ?" జవాబు వెంటనే వచ్చింది. "చేరిందండీ. మామ మెడ ఎలా ఉంది?" ఎలా ఉందో రాశాను. మామ మెడ గురించి మేమిద్దరం ఒక ఏడాది పాటు ఉత్తరప్రత్యుత్తరాలు జరిపాం. ఒక మెడ మీద అంతకన్నా రాయడానికి ఏమీ మిగలనప్పుడు అవీ ఆగిపోయాయి.

తర్వాతెప్పుడో ఆమె ఫోన్‌లో పెట్టుకున్న ఫోటో మారింది. ఏదో రైల్వే స్టేషను. ఆమె నవ్వుతోంది. పక్కన ఒకాయన, రెండు చేతుల్లో రెండు పెట్టెలు, మెడలో ఒక సంచి, చెమటలు కక్కుతూ నవ్వుతున్నాడు. అటు తిప్పి చూశాను, ఇటు తిప్పి చూశాను. ఈసారి అర్థం చెప్పడానికి నాకు ఏ పుస్తకం అక్కర్లేకపోయింది.

కాబట్టి ఇందుమూలంగా, ఖమణ్ మీద ఆన, మెజెంటా రంగు మీద ఆన, నా పరువులో మిగిలిన పిసరు మీద ఆన, నిండు మనస్సుతో ప్రమాణం చేస్తున్నాను. సామాను చాలా ఉందని నాతో ఏ అమ్మాయి అన్నా, ఇక ఈ జన్మలో ఆటో నంబరు ఇవ్వను. ఈ ప్రమాణాన్ని ఏడేళ్లుగా అక్షరం తప్పకుండా నిలబెట్టుకుంటున్నాను.

ఇంతవరకూ ఎవరూ అనలేదు.